మచ్చలేని లేజర్ ప్రింటు: కాగితం రకాన్ని బట్టి లోపాలను పట్టుకునే పద్ధతి

పేజీ మీద బూడిదరంగు నీడ పడుతుంది. అట్ట మీద అక్షరం గోటితో గీకితే పొడిలా రాలుతుంది. కవరు మూల ముడతపడి బయటికి వస్తుంది. ఇలాంటివి కనబడగానే చాలామంది ముద్రించే పొడి నిండిన కొత్త కార్ట్రిడ్జ్ తెప్పిస్తారు. డబ్బు ఖర్చవుతుంది, మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

చాలాకాలం ప్రింటర్లతో పనిచేసిన తర్వాత నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. లేజర్ ప్రింటర్‌లో కాగితం కూడా యంత్రంలో ఒక భాగమే. ఇంక్‌జెట్‌లో సిరా కాగితంలోకి ఇంకుతుంది. లేజర్‌లో అలా కాదు. డ్రమ్ అనే రోలర్ మీద బొమ్మలా అంటుకున్న టోనర్ పొడిని కాగితం మీదికి లాగేది విద్యుత్తు, ఆ లాగే విద్యుదావేశం కాగితం వెనుకవైపు నుంచి వస్తుంది. ఆ పొడిని కరిగించి కాగితానికి అతికించేది ఫ్యూజర్ అనే వేడి రోలర్ల భాగం ఇచ్చే వేడి, ఒత్తిడి. ఫ్యూజర్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది, కాగితం దాని గుండా సెకనులో చిన్న భాగంలోనే దాటిపోతుంది. అంత తక్కువ సమయంలో ఎంత ఆవేశం నిలుస్తుంది, ఎంత వేడి లోపలికి దిగుతుంది అన్నది కాగితం మందం, తేమ, నునుపు తేలుస్తాయి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: పోల్చుకోవడానికి ఒక మంచి పేజీ

లోపం వెతికే ముందు, లోపం లేనప్పుడు మీ ప్రింటర్ ఎలా ముద్రిస్తుందో తెలియాలి. అప్పుడే విప్పిన కట్టలోంచి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) సాదా కాగితం తీసుకోండి. ట్రేలోని పాత కాగితాలన్నీ తీసేసి ఇది పెట్టండి. ముందుగా ప్రింటర్ మెనూ నుంచే దాని సొంత సమాచార పేజీ ముద్రించండి. ఇందులో కంప్యూటర్ పాత్ర లేదు కాబట్టి, ఈ పేజీ శుభ్రంగా వచ్చి మీ పత్రం మాత్రమే చెడిపోతే తప్పు ఫైలులోనో సెట్టింగులోనో ఉంది.

తర్వాత మూడు పరీక్ష పేజీలు తయారు చేసుకోండి. ఒకటి పూర్తి నలుపు, ఒకటి 30 శాతం బూడిదరంగు, ఇంకొకటి చిన్న అక్షరాలు, సన్నగీతలు ఉన్నది. నలుపు పేజీ తెల్లచుక్కలను బయటపెడుతుంది. బూడిదరంగు పేజీ అడ్డచారలను, నీడలను చూపిస్తుంది. మూడోది అక్షరాల అంచులు చెదిరాయో లేదో చెబుతుంది. ప్రింటర్‌లోంచి ముందుగా బయటికి వచ్చిన అంచు మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేయండి. ఈ చిన్న గుర్తు లేకపోతే తర్వాతి అడుగులో కొలతలు తారుమారవుతాయి.

రంగుల ప్రింటరైతే నీలం, గులాబీ, పసుపు, నలుపు రంగులకు ఒక్కో పేజీ విడివిడిగా తీయండి. లోపం ఒక్క రంగులోనే ఉంటే ఆ రంగు కార్ట్రిడ్జ్ లేదా దాని డ్రమ్‌ను అనుమానించాలి. నాలుగింటిలోనూ ఒకేచోట ఉంటే, అన్ని రంగులూ కలిసి దాటే ట్రాన్స్‌ఫర్ బెల్టునో ఫ్యూజర్‌నో చూడాలి. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక అక్షరాల పక్కన రంగు అంచు కనిపిస్తే దేన్నీ మార్చనక్కరలేదు. మెనూలో ఉన్న క్యాలిబ్రేషన్, అంటే రంగులను సరిచేసే పని, ఒకసారి నడపండి.

రెండో అడుగు: మచ్చను చదవడం

మచ్చ ఏ దిశలో ఉంది, మళ్లీ మళ్లీ వస్తోందా అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి.

కాగితం నడిచే దిశలో పైనుంచి కిందికి నల్లగీత ఉంటే డ్రమ్ మీద గీత పడిందనో, దాన్ని తుడిచే బ్లేడు అరిగిందనో, ఆవేశమిచ్చే తీగ మురికిపట్టిందనో అనుకోవచ్చు. అదే దిశలో తెల్లగీత అయితే లేజర్ కాంతి దారిలో దుమ్ము ఉండవచ్చు, లేదా కార్ట్రిడ్జ్‌లో ఒక చోట టోనర్ అడ్డుపడి ఉండవచ్చు. ఒకే ఎడంతో వచ్చే అడ్డచారలు చాలావరకు పళ్లచక్రాల అరుగుదల వల్ల వస్తాయి. పేజీ అంతా సన్నని బూడిద పొర పరుచుకుంటే డ్రమ్ అరిగిపోయి ఉండవచ్చు, లేదా ఆ ప్రింటర్‌కు సరిపడని టోనర్ నింపి ఉండవచ్చు. ఎందుకంటే టోనర్‌కు రంగు ఒక్కటే కాదు, ఎంత ఆవేశం పట్టాలి, ఎంత వేడికి కరగాలి అన్న లక్షణాలూ ఉంటాయి.

ఒకే మచ్చ పేజీలో సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడితే మీ పని చాలా సులువవుతుంది. ఆ దూరం ఏదో ఒక రోలర్ చుట్టుకొలత. వ్యాసాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. 24 మి.మీ. వ్యాసమున్న డ్రమ్ మీద గీత ఉంటే మచ్చ సుమారు 75 మి.మీ.కి ఒకసారి వస్తుంది. 30 మి.మీ. డ్రమ్ అయితే సుమారు 94 మి.మీ. చాలా ప్రింటర్ల సర్వీసు పుస్తకాల్లో ఏ రోలర్‌కు ఎంత దూరమో పట్టికగా ఇస్తారు. స్కేలు పెట్టి ఒక మచ్చ నుంచి తర్వాతి మచ్చకు కొలిచి ఆ పట్టికతో పోల్చండి. ఊహించి కార్ట్రిడ్జ్ మార్చడం కంటే ఈ కొలత ఎంతో నమ్మదగినది.

కొలతతోనూ తేలకపోతే సగంలో ఆపే పరీక్ష చేయండి. ముద్రణ మొదలై కాగితం సగం దూరం నడిచాక మూత తెరవండి. యంత్రం ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్‌ను జాగ్రత్తగా బయటికి తీసి, డ్రమ్ మీద ఉన్న పొడి బొమ్మను ఒక్క క్షణం చూడండి. అక్కడ బొమ్మ చక్కగా ఉండి కాగితం మీద పలచగా ఉంటే టోనర్ కాగితం మీదికి దిగడంలోనే లోపం ఉంది. డ్రమ్ మీదే బొమ్మ చెడిపోయి ఉంటే కాగితాన్ని అనడం అన్యాయం. ఫ్యూజర్‌కు ఇంకా చేరని కాగితం మీద బొమ్మ బాగుండి, ఫ్యూజర్ దాటిన పేజీల్లో మాత్రమే చెదిరిపోతే లోపం ఫ్యూజర్‌ది. చూడటం అయ్యాక డ్రమ్‌ను వెంటనే గుడ్డతో కప్పండి, వేలితో తాకకండి. వెలుతురు, చేతి జిడ్డు రెండూ దాన్ని పాడుచేస్తాయి.

మూడో అడుగు: తేమ

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవమంటాను. సామాన్యమైన ఆఫీసు కాగితంలో బరువులో దాదాపు 4 నుంచి 6 శాతం నీరుంటుంది. అది పెరిగినా తగ్గినా ముద్రణ మారిపోతుంది.

తడి ఎక్కిన కాగితం విద్యుత్తును కొంత ప్రవహింపజేస్తుంది. టోనర్‌ను లాగాల్సిన ఆవేశం కాగితం గుండా జారిపోయి, పేజీలో అక్కడక్కడ ముద్ర పలచబడుతుంది. పైగా ఫ్యూజర్‌లో ఆ నీరు ఆవిరవుతుంది. కాగితం చుట్టుకుపోవడం, అలలు తేలడం, నున్నటి కాగితం మీద బొబ్బలు లేవడం ఆ ఆవిరి పనే. బయటికి వచ్చే పేజీల దగ్గర సన్నటి పొగలాంటిది కనిపిస్తే భయపడకండి, చాలావరకు అది నీటి ఆవిరే. అయితే ఆ కాగితం పనికిరానంత తడిగా ఉందని కూడా దాని అర్థం.

మరీ ఎండిన కాగితానిది ఇంకో రకం తంటా. దాని మీద స్థిర విద్యుత్తు నిలిచిపోతుంది. అక్షరాల చుట్టూ టోనర్ చుక్కలు చిందినట్టు కనిపిస్తాయి. రెండు మూడు కాగితాలు అతుక్కుని ఒకేసారి లోపలికి వెళ్తాయి.

ఒకసారి రోజంతా ముద్ర పలచగా వస్తున్న ప్రింటర్‌కు నేను కార్ట్రిడ్జ్ మార్చాను. ఫలితం లేదు. చివరికి ట్రేలోని కాగితం తీసేసి అప్పుడే విప్పిన కట్టలోంచి పది కాగితాలు పెడితే మొదటి పేజీ నుంచే ముద్ర నల్లగా, నిండుగా వచ్చింది. ట్రేలో ఉన్నవి చాలా రోజులుగా విప్పి ఉంచిన కాగితాలు. అప్పటి నుంచి ఏ లోపానికైనా నేను ముందుగా చేసేది ఇదే పరీక్ష, ట్రే కాగితం మీద ఒకటి, కొత్త కట్ట కాగితం మీద ఒకటి ముద్రించి పక్కపక్కన పెట్టి చూడటం.

జాగ్రత్తలు కష్టమైనవేమీ కావు. కట్ట చుట్టూ ఉండే కాగితం లోపల తేమను ఆపే పొర ఉంటుంది. మిగిలిన కాగితాలను దానిలోనే మడిచి ఉంచండి. కట్టలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. వేరే గదిలోంచి తెచ్చిన కాగితాన్ని విప్పకుండానే ఒక రోజు ప్రింటర్ ఉన్న గదిలో ఉంచి, తర్వాత విప్పండి. ట్రేలో ఆ రోజు పనికి సరిపడా మాత్రమే నింపండి. గదిలో 20 నుంచి 25 డిగ్రీల వేడి, 40 నుంచి 60 శాతం గాలి తేమ ఉంటే కాగితం, యంత్రం రెండూ కుదురుగా పనిచేస్తాయి. చల్లని చోటు నుంచి వెచ్చని గదిలోకి తెచ్చిన ప్రింటర్‌ను కొన్ని గంటలు ఆగాకే ఆన్ చేయండి. లోపలి అద్దాల మీద, రోలర్ల మీద చెమ్మ పడుతుంది, అది ఆరాలి.

రెండువైపులా ముద్రించేటప్పుడు రెండోవైపు నాణ్యత తగ్గడానికీ తేమే కారణం. మొదటిసారి ఫ్యూజర్ దాటినప్పుడు కాగితం ఎండిపోతుంది, కొద్దిగా కుంచించుకుపోతుంది కూడా. అందుకే రెండోవైపు ముద్ర ఒక మి.మీ. అటూ ఇటూ జరిగినట్టు కనిపించవచ్చు. దాన్ని యంత్రం లోపమనుకోకండి. కట్ట మీద ముందుగా ముద్రించవలసిన వైపును చూపే బాణం ఉంటే దాన్ని పాటించండి. అయినా కాగితం చుట్టుకుంటుంటే ట్రేలో కాగితాలను తిరగేసి చూడండి.

నాలుగో అడుగు: కాగితం రకాన్ని ప్రింటర్‌కు చెప్పడం

ట్రేలో ఏమి పెట్టారో చాలా ప్రింటర్లకు కంటితో చూసే వీలు లేదు. మీరు చెప్పేదే అది నమ్ముతుంది. హెవీ (బరువైన కాగితం) అని ఎంచుకుంటే వేగం తగ్గిస్తుంది, వేడి పెంచుతుంది, లాగే ఆవేశాన్నీ మార్చుకుంటుంది. అట్ట పెట్టి ప్లెయిన్ అని వదిలేస్తే ముద్ర చూడటానికి బాగుంటుంది, చేత్తో రుద్దితే రాలిపోతుంది. కాగితం రకాన్ని రెండుచోట్ల పెట్టాలి, ప్రింటర్ ట్రే మెనూలో ఒకసారి, కంప్యూటర్‌లోని ప్రింట్ సెట్టింగుల్లో ఇంకోసారి. ఈ రెండూ ఒకదానికొకటి పొసగకపోవడం నేను చాలాసార్లు చూశాను. హెవీ పెట్టాక వేగం సగానికి తగ్గితే అది సహజమే.

సెట్టింగు సరైనదో కాదో తేల్చడానికి నలుపు పేజీ చల్లారాక మూడు పనులు చేయండి. పొడిగుడ్డతో పదిసార్లు రుద్దండి. నలుపు లోపలికి వచ్చేలా మడిచి విప్పండి. పారదర్శక టేపు అతికించి మెల్లగా లాగండి. మడత దగ్గర సన్నని తెల్లగీత పడటం మామూలే. వెడల్పుగా పొట్టులా ఊడిపోతే మాత్రం వేడి చాలలేదు. ఒక మెట్టు బరువైన రకాన్ని ఎంచుకుని మళ్లీ చూడండి.

వేడి మరీ ఎక్కువైనా కష్టమే. పైన ఉన్న అక్షరాల లేత నీడ కింద, ఫ్యూజర్ రోలర్ ఒక చుట్టు దూరంలో, మళ్లీ కనబడుతుందనుకోండి. టోనర్ కొంత ఫ్యూజర్‌కు అంటుకుని తర్వాతి చుట్టులో కాగితం మీద పడిందన్నమాట. ఇది వేడి చాలకా జరుగుతుంది, ఎక్కువయ్యీ జరుగుతుంది. తేడా రుద్దే పరీక్షలో తెలుస్తుంది. టోనర్ రాలితే వేడి తక్కువ. టోనర్ గట్టిగా అతికి, నిగనిగలాడుతూ నీడ కూడా వస్తుంటే వేడి ఎక్కువ, ఒక మెట్టు తేలికైన రకానికి దిగండి.

ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మార్చిన ప్రతిసారీ పేజీ మూలలో ఏం మార్చారో రాసుకోండి.

ఐదో అడుగు: ఒక్కో రకం కాగితంతో ఎలా మెలగాలి

పలుచటి కాగితం, అంటే 60 జీఎస్‌ఎం దగ్గరిది, ఫ్యూజర్‌కు చుట్టుకుపోతుంది, ముడతపడుతుంది. తేలికైన కాగితం సెట్టింగు పెట్టి, పై అంచున 10 మి.మీ. వరకు ఏమీ ముద్రించకుండా వదలండి. పై అంచు దాకా నల్లటి పట్టీ ఉంటే కరిగిన టోనర్ ఆ అంచునే రోలర్‌కు అతికిస్తుంది. వాడిన కాగితం నుంచి తిరిగి తయారుచేసిన (రీసైకిల్డ్) కాగితంతో ముద్ర బాగానే వస్తుంది. దాని పీచు దుమ్ము మాత్రం ఎక్కువ, రోలర్లను తరచుగా తుడవాలి.

160 జీఎస్‌ఎం దాటిన అట్టలకు వేడితో పాటు దారీ ముఖ్యం. లోపలి ట్రే నుంచి కాగితం వంపులు తిరుగుతూ పోతుంది. అట్ట ఆ వంపుల్లో జారి, ముద్ర వంకరపోతుంది. చేత్తో పెట్టే ట్రే వాడి, వెనుక తలుపు తెరిచి, నేరుగా బయటికి వచ్చేలా చూడండి. పీచు దిశనూ గమనించండి. కాగితాన్ని పొడవుగా, అడ్డంగా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా వంగుతుంది. ఆ సులువైన వంపు రోలర్ చుట్టూ తిరిగే వైపు ఉండేలా అట్ట పెడితే మంచిది. ముందుగా మీ ప్రింటర్ ఎంత బరువు కాగితం దాకా తీసుకుంటుందో దాని పుస్తకంలో చూడండి. ఆ హద్దు దాటితే ఏ సెట్టింగూ ఆదుకోదు.

గరుకైన కాగితం, నారబట్ట నేతలాంటి గీతలున్న కాగితం మీద గుంతల్లో టోనర్ దిగదు. గుంత అడుగు డ్రమ్‌కు తగలదు, అంత దూరం దూకేంత బలం ఆవేశానికి ఉండదు. రఫ్ అనే సెట్టింగు ఉంటే కొంత మెరుగుపడుతుంది. అంతకంటే మంచి మార్గం డిజైన్ మార్చడం. అలాంటి కాగితం మీద పెద్ద రంగుపట్టీలు వేయకుండా కాస్త దళసరి అక్షరాలతో సరిపెట్టండి.

నిగనిగలాడే కాగితం విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంక్‌జెట్ ఫోటో కాగితాన్ని లేజర్ ప్రింటర్‌లో ఎన్నడూ పెట్టకండి. దాని పూత వేడికి కరిగి ఫ్యూజర్‌కు చుట్టుకుంటుంది. అప్పుడు పోయేది ఒక కాగితం కాదు, ఫ్యూజర్ మొత్తం. లేజర్‌కు తగినదని పెట్టె మీద రాసి ఉన్నదే కొనండి. పారదర్శక షీట్లకూ ఇదే నియమం. వేడిని తట్టుకునే పాలిస్టర్ షీట్ కావాలి, బయటికి రాగానే చదునైన చోట పరిచి చల్లారనివ్వాలి.

కవరు అంటే మడతలు, జిగురు, మధ్యలో గాలి ఉన్న కాగితాల పొర. ఒక్క కవరులోనే కొన్నిచోట్ల రెండు పొరలు, కొన్నిచోట్ల మూడు నాలుగు పొరలు ఉంటాయి. వేడి, ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా పడవు. అతుకు మీద, అంచుకు 15 మి.మీ. లోపల అక్షరం రాకుండా చూసుకోండి. మడతలు పదునుగా, చదునుగా ఉన్న కవర్లు ఎంచుకోండి. లోహపు క్లిప్పులు, ప్లాస్టిక్ కిటికీలు, ఒలిచి అతికించే పట్టీలు ఉన్నవి వద్దు. వాడేముందు కవరును బల్ల మీద పెట్టి అరచేతితో నొక్కి గాలి తీసేయండి. కొన్ని ప్రింటర్లలో వెనుక తలుపు తెరిస్తే ఫ్యూజర్ ఒత్తిడిని తగ్గించే రెండు మీటలు కనబడతాయి. కవర్లకు వాటిని దించితే ముడతలు బాగా తగ్గుతాయి. పని అయ్యాక వాటిని మళ్లీ పైకి ఎత్తడం మరవకండి. మరిస్తే మరుసటి రోజు సాదా కాగితం మీద కూడా టోనర్ రాలుతుంది, కారణం ఎంతసేపటికీ అంతుపట్టదు.

లేబుళ్ల షీట్‌లో ఒక్క లేబులైనా ఒలిచి ఉంటే దాన్ని ప్రింటర్‌లో పెట్టకండి. బయటపడిన జిగురు డ్రమ్‌కో ఫ్యూజర్‌కో అంటుకుంటుంది, పక్కనున్న లేబుళ్లు లోపలే ఊడిపోతాయి. సగం వాడిన షీట్‌ను మిగిల్చుకోవాలని రెండోసారి పెట్టడమూ ఇంతే ప్రమాదం. ఒక షీట్ ఒక్కసారే వేడికి వెళ్లాలి. పెట్టేముందు షీట్లను విసనకర్రలా విప్పి సర్దితే ఒకదానికొకటి అతుక్కోవు.

ముందే అచ్చువేసిన లెటర్‌హెడ్‌లో సిరా వేడికి తట్టుకోవాలి. అచ్చు వేయించేటప్పుడే లేజర్ ప్రింటర్‌లో వాడతామని చెప్పండి. తాజాగా అచ్చయిన సిరా పూర్తిగా ఆరేదాకా ఆగండి. వేడితో ఉబ్బించిన అక్షరాలున్న లెటర్‌హెడ్ ఫ్యూజర్‌లో మళ్లీ కరుగుతుంది. అది లేజర్‌కు పనికిరాదు.

ఆరో అడుగు: శుభ్రం చేయడం

స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యూజర్ చల్లారడానికి కనీసం అరగంట ఆగండి. పీచు రాలని పొడిగుడ్డతో లోపల పడిన టోనర్‌ను, లేజర్ కాంతి బయటికి వచ్చే గాజు కిటికీని తుడవండి. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్‌ను నీళ్లతో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. డ్రమ్ యూనిట్‌లో ఆవేశపు తీగను తుడిచే చిన్న మీట ఉంటే దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి ఐదారుసార్లు జరపండి. చివర్లో మొదటి చోటికే తెచ్చి వదలండి. మధ్యలో వదిలేస్తే పేజీ మీద నిలువు చార పడుతుంది. మెనూలో క్లీనింగ్ పేజీ ఉంటే దాన్ని నడపండి, ఫ్యూజర్‌కు అంటిన టోనర్‌ను అది ఊడదీస్తుంది.

ఇంటి వాక్యూమ్ క్లీనర్ వాడకండి. టోనర్ రేణువులు కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పరిమాణంలోనే ఉంటాయి, మామూలు ఫిల్టరు దాటి గదంతా పరుచుకుంటాయి. చేతికి, బట్టలకు అంటితే చల్లటి నీళ్లతోనే కడగండి. వేడినీళ్లకు టోనర్ మెత్తబడి మరింత పట్టుకుంటుంది.

మార్చక తప్పనప్పుడు

ముద్ర ఒకవైపే పలచబడితే కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి ఐదారుసార్లు పక్కలకు మెల్లగా ఊపండి, లోపలి పొడి సమంగా పరుచుకుంటుంది. టోనర్ ఆదా చేసే సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి. డెన్సిటీ, అంటే ముద్ర చిక్కదనం, పెంచడం చివరి మార్గంగానే ఉంచుకోండి. పొర దళసరి అయితే కింది టోనర్ దాకా వేడి దిగక అట్ట మీద మళ్లీ రాలడం మొదలవుతుంది. నల్లటి భాగం తర్వాత బూడిదరంగులో దాని నీడ, డ్రమ్ చుట్టు దూరంలో పడుతుంటే పేజీని 180 డిగ్రీలు తిప్పి ముద్రించి చూడండి. నలుపు చివరికి పోతే దాని తర్వాత నీడ పడటానికి చోటే ఉండదు. అత్యవసరమైన పని ఆరోజుకు గట్టెక్కుతుంది, కార్ట్రిడ్జ్‌ను తర్వాత నిదానంగా మార్చుకోవచ్చు.

కొత్త కట్ట కాగితం మీద, సరైన సెట్టింగుతో, శుభ్రం చేశాక కూడా అదే దూరంలో అదే మచ్చ పడుతుంటే అప్పుడు భాగం మార్చండి. డ్రమ్ చుట్టుకొలతతో సరిపోతే డ్రమ్ లేదా కార్ట్రిడ్జ్, ఫ్యూజర్ రోలర్‌తో సరిపోతే ఫ్యూజర్. మార్చిన రోజున మొదటి అడుగులో చెప్పిన మూడు పరీక్ష పేజీలూ మళ్లీ ముద్రించి, తేదీ వేసి, ప్రింటర్ పక్కనే ఫైలులో పెట్టండి.